ఫ్రిజ్ మీదే కదక్కా!

"తమ్ముడూ, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటోంది. ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తావా?"

2025 ఏప్రిల్ 28, సోమవారం పొద్దున వాట్సాప్‌లో ఈ మెసేజ్ వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. పంపింది ఖమ్మంలో మా బిల్డింగ్ కింది పోర్షన్‌లో అద్దెకుంటున్న అక్క. గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నేనిచ్చిన జవాబు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "ఫ్రిజ్ మీదే కదక్కా, మెకానిక్‌కి చూపించండి."

రెండు రోజుల తర్వాత ఇంకో మెసేజ్. "మెకానిక్ చూశాడు. ఫ్రిజ్ బాగానే ఉందంట. 350 తీసుకున్నాడు." దానికి నేను బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

మే 9 మధ్యాహ్నం ఆ అక్క వాళ్ల ఆరేళ్ల బాబు స్నానం చేసి, తడి కాళ్లతోనే వచ్చి చల్లనీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాడు. చెయ్యి అతుక్కుపోయింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న అక్క ఏదో చప్పుడుకి లేచి, చపాతీ కర్రతో వాడి చెయ్యి మీద కొట్టి విడిపించింది. నర్సు కాబట్టి చేత్తో పట్టుకోకూడదని ఆ క్షణంలో తోచింది. వేరే అమ్మ అయితే బిడ్డని వాటేసుకునేది, ఇద్దరూ పోయేవాళ్లు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి, ఈసీజీ తీసి పంపించారు. వాడు బాగున్నాడు.

నేను బాగాలేను. ఆఫీసులో ఎవరైనా ఒక టికెట్‌ని రెండు రోజులు పట్టించుకోకపోతే మీటింగ్‌లో అందరి ముందూ నిలదీసేవాణ్ని. ఇక్కడ పదకొండు రోజులు పట్టించుకోనిది నేనే.

* * *

మా బిల్డింగ్ గురించి కొంచెం చెప్పాలి. నాన్న గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరై, వచ్చిన డబ్బులూ బ్యాంకు లోనూ కలిపి 2018లో ఖమ్మం వైరా రోడ్డుకు లోపలగా పూర్తి చేసిన జీ ప్లస్ త్రీ అది. కార్పొరేషన్ అనుమతి ఉంది. ఫ్లోరుకు రెండు చొప్పున ఎనిమిది పోర్షన్లు. ఒకదాంట్లో అమ్మానాన్న, ఏడు అద్దెకు. 2025 జనవరిలో నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఓనర్ హోదా నాకొచ్చింది. హోదాతోపాటు ఒక నోట్‌బుక్ వచ్చింది. అందులో ఎవరు ఎప్పుడు దిగారు, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసినప్పుడు ఎంత కోశాం, అన్నీ నాన్న చేతిరాతలో ఉన్నాయి. రావాల్సినవాటికి ఐదు గళ్లున్నాయి. చేయాల్సినవాటికి ఒక్క గడీ లేదు.

నేను కూడా అలాగే అనుకున్నాను. ఓనర్ అంటే ఒకటో తారీఖు ఫోన్‌పే మోగడం. నెలకు అరవై వేల పైచిలుకు. ఇంకేం కావాలి?

బాబుకి షాక్ కొట్టిన రాత్రే ఖమ్మం వచ్చాను. మర్నాడు ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే ఫ్రిజ్ బాడీకీ తడి నేలకీ మధ్య 140 వోల్టులు చూపించింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తే బాడీలో కరెంటు లేదు. ప్లగ్గు పెట్టి స్విచ్ ఆఫ్‌లో ఉంచినా కరెంటు ఉంది! ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో బేసిక్ ఎలక్ట్రికల్స్ చదివి పాసైనవాణ్నే, నాకు అర్థం కాలేదు. ఆయన నవ్వలేదు గానీ, ఓపిగ్గా చెప్పాడు.

ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను ఎర్తింగ్‌ది. స్విచ్ ఆపేది ఫేజ్ వైరుని మాత్రమే, ఎర్త్ వైరుని కాదు. బిల్డింగ్‌లో అన్ని పోర్షన్ల ఎర్త్ వైర్లూ కిందికి వచ్చి ఒకచోట కలిసి, అక్కణ్నుంచి భూమిలో ఉన్న ఎర్త్ గుంతలోకి వెళ్లాలి. మాకు కిందటేడు మీటర్ల బోర్డు మార్చారు. ఆ పనికి వచ్చిన మా మనిషి పోర్షన్ల ఎర్త్ వైర్లన్నీ ఒకటిగా చుట్టి వదిలేశాడు, గుంతకు వెళ్లే తీగకు కలపలేదు. గుంతేమో ఎండిపోయి రాయిలా ఉంది, కట్టినప్పటినుంచీ దాంట్లో చెంబెడు నీళ్లు పోసినవాళ్లు లేరు. అంటే మా బిల్డింగ్‌లో ఎనిమిది ఇళ్లకూ ఎర్తింగ్ లేదు. అంతకంటే ఘోరం ఏంటంటే, ఎనిమిది ఇళ్ల ఇనుప సామాన్లనీ కలుపుతూ ఒక తీగ మాత్రం ఉంది.

మూడో ఫ్లోరులో ఉండే కుర్రాళ్లు వేసిన ఇనుప కూలర్‌లో మోటారు లీకైంది. ఆ కరెంటు భూమిలోకి పోయే దారి లేక, ఎర్త్ వైరు పట్టుకుని దిగి, కింది ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కూర్చుంది. కుర్రాళ్లకు ఏమీ కాలేదు, చెక్క కుర్చీ మీద నిలబడి నీళ్లు పోసేవాళ్లట. ఎంసీబీ ఎందుకు పడలేదని అడిగాను. ఎంసీబీ పడాలంటే చాలా కరెంటు ఒక్కసారిగా పోవాలి, మనిషి చావడానికి అందులో కొసరు చాలు అన్నాడు.

ఫ్రిజ్ అక్కదే. కూలర్ కుర్రాళ్లదే. మధ్యలో ఉన్న తీగ మాత్రం మాది.

గుంత మళ్లీ తవ్వించి, బొగ్గూ ఉప్పూ నింపి, పైపు దింపి, తెగిన తీగ కలిపి, ఎనిమిది పోర్షన్లకూ కరెంటు లీకైతే వెంటనే పడిపోయే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీలు పెట్టించాను. మొత్తం ముప్పై ఒక్క వేలు. నెల అద్దెల్లో సగం.

* * *

కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఇంటర్ ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. వాడికి మా అగ్రిమెంటు చూపించాను. స్టాంపు పేపర్లమ్మేచోట వంద రూపాయలకు టైపు కొట్టిచ్చే అగ్రిమెంటే. పదకొండు నెలలు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి కాబట్టి దేశమంతా పదకొండు నెలల దగ్గర ఆగుతుంది. నాలుగో పాయింటు: "రిపేర్లన్నియు అద్దెకుండువారే భరించవలెను."

"ఇది ఉంది కదా, నేను సేఫేనా?" అని అడిగాను. సిగ్గు లేకుండా అడిగానని ఇప్పుడు అనిపిస్తోంది.

వాడు చెప్పింది ఇదీ. మన దగ్గర 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, 2005 సవరణ తర్వాత కట్టి 15 ఏళ్లు నిండని బిల్డింగులకూ, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకూ వర్తించదు. మా అద్దె తొమ్మిది వేలు, బిల్డింగ్ వయసు ఏడేళ్లు. రెండు విధాలా బయటే. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలనెలా అద్దెకుండేవాళ్లను ఖాళీ చేయమనాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని అందులోనే ఉంది. ఓనరుకు తెలిసిన లోపం, అద్దెకొచ్చేవాళ్లు మామూలుగా చూస్తే కనిపించనిది ఏదైనా ఉంటే ముందే చెప్పాలని కూడా ఉంది. ఓనరు చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ డబ్బు అద్దెలో తగ్గించుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతోంది. నూట నలభై ఏళ్ల కిందట రాసిన ఈ మాట మా వీధిలో ఒక్క ఓనరుకూ తెలియదు. అద్దెకుండేవాళ్లకు అంతకన్నా తెలియదు.

అయితే అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ సెక్షన్ పక్కకు పోతుంది. నాలుగో పాయింటు అందుకే. "అద్దె లెక్కలో నువ్వు సేఫే. ఆ పిల్లాడు పోయుంటే మాత్రం భారతీయ న్యాయ సంహిత 106 ఉండేది. నిర్లక్ష్యం వల్ల మరణం, ఐదేళ్ల దాకా జైలు. మెసేజ్ వచ్చింది, చూశావు, బొటనవేలు పెట్టావు. ఆ సాక్ష్యం నీ చేత్తో నువ్వే రాసిచ్చావు. ఏ అగ్రిమెంటూ దానికి అడ్డుపడదు" అన్నాడు.

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఒకటుంది. రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకుంటే తప్ప అమలు కాదు. కానీ ఎవరి పని ఏదో అంత స్పష్టంగా నేనింకెక్కడా చూడలేదు. ఇంట్లో వైరింగ్, పైపులు, గోడల సున్నాలు, పెయింటింగ్ ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు అద్దెకుండేవాళ్లవి. ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు.

పెయింటింగ్ ఓనరుదని చదివినప్పుడు నాకు రెండు విషయాలు గుర్తొచ్చాయి. ఒకటి, హైదరాబాద్‌లో నేను ఖాళీ చేసిన ఫ్లాటు ఓనరు నా అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసేశాడు. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కావాలంటే ఓనరు పాన్ నంబర్ ఇవ్వాలి, అదీ ఇవ్వలేదు. ఫ్రెండ్స్ అందరి దగ్గరా ఆయన్ని తిట్టాను. రెండోది నాన్న నోట్‌బుక్. ఖాళీ చేసిన ప్రతి పేరు పక్కనా "పెయింటింగ్ – 8,000" అని ఉంది. ఒక ఇంటికైతే ఎనిమిది నెలలకే.

* * *

ఒక్క ఎర్తింగ్‌తో అయిపోలేదు. తొమ్మిది రోజుల తర్వాత, మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. పైన ఉన్నవాళ్లు బయటికి రావడానికి సరైన దారి లేదు. ఆ వార్త చదివి మా మెట్ల దగ్గరికి వెళ్లాను. మెట్ల కింద రెండు బైకులు, అద్దెకున్నవాళ్ల పాత మంచం, మా సిమెంటు బస్తాలు. మీటర్లూ అక్కడే. డాబా తలుపుకి తాళం, తాళంచెవి మా ఇంట్లో మేకుకి. పైన పిల్లలు ఆడి గోల చేస్తారని నాన్న వేసిన తాళం అది. రాత్రి రెండింటికి కింద మంటలొస్తే మూడో ఫ్లోరు వాళ్లు ఎటు పోవాలి? తాళం తీసేసి లోపలి గడియ పెట్టించాను. గోల చేస్తే చేయనీ.

సెప్టిక్ ట్యాంకు సంగతి చెప్పాలంటే తల దించుకోవాలి. మూడేళ్లకోసారి నాన్న ఇద్దరు మనుషుల్ని పిలిచి, తాడూ బకెట్టూ ఇచ్చి, చివర్లో ఒక క్వార్టరు సీసా ఇచ్చి పంపేవాడు. మనుషుల్ని అలా దించడాన్ని 2013లోనే చట్టం నిషేధించింది. పిలిచినవాళ్లకు మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మునిసిపాలిటీ అయినా, ఇంటి ఓనరైనా అంతే. ఫోన్ చేస్తే మిషన్ ట్యాంకర్ వస్తుంది. ఇంత తేలికైన పనికి ఇన్నాళ్లూ మనుషుల ప్రాణాలు ఎందుకు పణంగా పెట్టామంటే నాన్న దగ్గర జవాబు లేదు. "అందరూ అట్టాగేగా" అన్నాడు.

* * *

ఈ "అందరూ అట్టాగేగా" మాట నాకు భద్రాచలంలో ఇంకాస్త గట్టిగా వినపడింది.

నా చిన్నతనమంతా భద్రాచలంలోనే గడిచింది. నాన్న ఉద్యోగం అక్కడ. గోదావరి కరకట్టకు దగ్గర్లో కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. 2006 ఆగస్టులో వరద 53 అడుగుల మూడో హెచ్చరిక దాటినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రాత్రి ఓనరు తాతయ్య దిగి వచ్చి, మా బియ్యం డ్రమ్మూ, నా పుస్తకాల సంచీ తానే పైకి మోసి, వాళ్ల పడగ్గది మాకిచ్చాడు. పన్నెండు రోజులు వాళ్లింట్లోనే తిన్నాం. ఆ నెల అద్దె తీసుకోలేదు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఎక్కడైనా ఓనరు పైనుంటాడు, అద్దెకున్నవాళ్లు కిందుంటారు, నీళ్లు ముందు కిందికే వస్తాయి.

అంత మంచి మనిషి ఇంటికి కాగితం లేదని నాకు ఇరవై ఏడేళ్లొచ్చాక తెలిసింది. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం. 1959 నాటి భూబదిలీ నిబంధనలను సవరిస్తూ 1970లో వచ్చిన రెగ్యులేషన్, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అక్కడి భూమి గిరిజనులకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదంటుంది. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. బదిలీ అన్న మాట కింద అమ్మకం, తాకట్టు, దానంతోపాటు లీజు కూడా ఉంది. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అయినా ఊరు పెరిగింది. రాముడి దర్శనానికొచ్చే జనం, ఆసుపత్రులు, గోదావరి అవతల సారపాకలో పేపరు మిల్లు ఉద్యోగాలు, అన్నిటికీ గదులు కావాలి. మేడలు లేచాయి. కొన్ని తెల్ల కాగితాల మీద, కొన్ని ఎవరో ఒక గిరిజనుడి పేరు మీద.

2025 మార్చి 26న అక్కడ కడుతున్న బహుళ అంతస్తుల భవనం ఒకటి కుప్పకూలింది. ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి బృందాలు శిథిలాలు తొలగించాయి. ఇద్దరు పనివాళ్లు చనిపోయారు. అనుమతుల్లేని కట్టడమని అధికారులు చెప్పారు. అసలు ఊరే ఇంకా పంచాయతీ. ఆరేడంతస్తులకు అనుమతి ఎవరిస్తారు?

పదకొండు రోజుల తర్వాత శ్రీరామనవమి. నాన్నను కారులో తీసుకెళ్లాం. పాల్వంచ దాటాక అడవిలో మోదుగ పూలు రాలిపోయి, ఇప్పపూల వాసన కారులోకి వచ్చింది. కల్యాణం అయ్యాక మావయ్య నన్ను పక్కకు పిలిచి ఒక స్థలం చూపించాడు. "అల్లుడూ, ఖమ్మంలో తొమ్మిది వేలొచ్చే పోర్షన్‌కి ఇక్కడ యాత్రికులకు రోజువారీ ఇస్తే మూడింతలు. కాగితం మా దగ్గర పనిచేసే దొర పేరు మీదుంటది. ఆయన మనోడే." అక్కడి గిరిజనుల్ని దొరలనే పిలుస్తారు. పిలుపులో ఉన్న గౌరవం కాగితాల దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో మరి. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి లెక్కలు వేసుకున్నాను. ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని ల్యాప్‌టాప్‌లో తేలింది కూడా.

షాక్ కొట్టాక ఆ ఫైలు మళ్లీ తెరిచినప్పుడు వేరే ప్రశ్నలు వచ్చాయి. కాగితం లేని బిల్డింగ్‌కి ఏ స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెడతాడు? అక్కడ గది తీసుకున్నవాడికి దెబ్బ తగిలితే వాడు ఏ అగ్రిమెంటు పట్టుకుని ఎవరి మీదికి వెళ్తాడు? కూలితే జైలుకెళ్లేది నేనా, ఆ దొరా? అన్ని కాగితాలూ ఉన్న ఖమ్మం బిల్డింగ్‌లోనే ఒక తీగను పట్టించుకోని నేను, ఏ కాగితమూ లేనిచోట ఏం పట్టించుకుంటాను? మా పాత ఓనరు తాతయ్య మంచివాడే. ఆయన మంచితనం మీద బతికాం, చట్టం మీద కాదు. ఆయన కాకుండా ఇంకొకరైతే మా పరిస్థితి ఏంటి?

మావయ్యకు ఫోన్ చేసి వద్దన్నాను. "పట్నం పోయి పిరికోడివయ్యావురా" అన్నాడు.

* * *

మేమున్న వీధిలో ఇల్లు అద్దెకు అడిగితే ముందు ఇంటిపేరు అడుగుతారు. కులం అడగరు, మర్యాదగా ఉండదు కాబట్టి. నర్సు అక్కది చర్ల వైపు కోయ గూడెం. మా ఇంటికి రాకముందు అదే వీధిలో రెండిళ్లవాళ్లు "ఇప్పుడే మాటైపోయింది" అని పంపించేశారట. నాన్న ఇచ్చాడు. పెద్ద మనసుతో కాదు, "గవర్నమెంటు జీతం, అద్దె ఆగదు" అని.

కొత్త అగ్రిమెంటు రాసుకుందామని జూన్ ఒకటిన అక్క దగ్గరికి వెళ్లాను. నాలుగో పాయింటు మార్చాం. వైరింగ్, పైపులు, పెయింటింగ్ మావి. చెప్పిన ఏడు రోజుల్లో చేయకపోతే వాళ్లే చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు. మాటల్లో మావయ్య చూపించిన స్థలం సంగతి కూడా వచ్చింది. అక్క టీ వడపోస్తూ, మామూలుగా అన్నది.

"మా తాత పేరు మీద కూడా భద్రాచలంలో ఒక మేడ ఉందంట తమ్ముడూ. ఆయన ఎప్పుడూ లోపలికి పోలేదు. మేం కూడా చూడలే."

నేను టీ తాగడం మర్చిపోయాను. అక్క ఇంకేం అనలేదు, బాబుని హోంవర్క్ చేసుకోమని కేకేసింది.

ఆ నెల అద్దె పూర్తిగా తొమ్మిది వేలూ వేసింది. మెకానిక్‌కి ఇచ్చిన 350 తిప్పి పంపించాను. నాన్న నోట్‌బుక్ తెమ్మని, ఎడమచేత్తో వంకర అక్షరాలతో కొత్త గడీ గీశాడు. దానికి పేరు పెట్టలేదు. కింద మొదటి లైను: "ఎర్త్ గుంతలో నీళ్లు – శనివారం."

నీళ్లు పోసే పని నేను తీసుకున్నాను, శనివారాలు ఖమ్మంలోనే ఉంటాను కాబట్టి. కిందటి వారం ఆఫీసు పని పడి రాలేకపోయాను. ఆదివారం పొద్దున అక్క మెసేజ్: "తమ్ముడూ, నిన్న గుంతలో నీళ్లు పోయలేదు."

బొటనవేలు పెట్టలేదు. అమ్మకు ఫోన్ చేసి, పోశాక ఫోటో తీసి పంపమన్నాను.